నేను లాగేసిన తాళంచెవి

1980ల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో మేము మిన్నెసోటాలో ఉండేవాళ్ళం. మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి నడపడం నేను క్లాసుకు వెళ్ళి నేర్చుకున్నాను. మావారు స్నేహితుల దగ్గర నేర్చుకున్నారు. ఒక ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని, గడ్డకట్టిన సరస్సు మీదుగా అడ్డదారిన వెళ్ళబోయారు.

"ఆపండి! అక్కడ వాగు కలుస్తుంది. ఐస్ పల్చగా ఉంటుందని క్లాస్‌లో చెప్పారు" అన్నాను.

"ఇంత చలిలోనా? నీదంతా భయం!"

నేను చెయ్యి చాచి తాళంచెవి లాగేసి, దిగిపోయాను. ఆయనకు కోపం వచ్చింది. నా భయం పోగొడతానంటూ ఒడ్డున ఉన్న రాయి ఎత్తి అటు విసిరారు. ఫెళ్ళున మంచు పగిలి, రాయి నల్లటి నీళ్ళలో మునిగిపోయింది.

ఆయన వచ్చి వెనక సీట్లో కూర్చుని, "నువ్వే డ్రైవ్ చెయ్యి" అన్నారు.

ఒడ్డు వెంబడే చుట్టు తిరిగి ఇల్లు చేరాం. ఆ రోజు ఆయన మాట విననందుకు నాకు ఇప్పటికీ గర్వమే.