సరిహద్దుతో పాటు చెరిగిపోయిన నాలుగు పేర్లు

2005 ఫిబ్రవరి 7, సోమవారం నాడు, మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మా మ్యాపుల కంపెనీ నాకు జపాన్ పని అప్పగించింది. అప్పుడు నేను అక్కడ పటాలు గీసే సీనియర్ ఉద్యోగినిని. అక్కడి ఒక కొండ జిల్లాలో ఐదు గ్రామాలుండగా, నాలుగు మార్చి 31తో పక్క నగరంలో కలుస్తున్నాయి. జపానులో నగరంలో కలిసిన గ్రామం జిల్లా నుంచి బయటికి పోయినట్టే. కొత్త పటంలో జిల్లాకు మిగిలేది ఒక్క గ్రామం.

క్లయింటు తరఫున మా ఆఫీసులో ఉండే ఇంజనీరు మోరి గారిది ఆ నాలుగింటిలో ఒకటైన హినాసావా. గ్రామ కార్యాలయం మూసే రోజు సభ చేస్తారట. అందులో గోడకు తగిలించడానికి కొత్త పటం తెస్తానని ఆయన ఊరివాళ్లకు మాటిచ్చారు. మార్చి 26న ప్రయాణం.

కంప్యూటర్లో మా పటాలు పొరలుగా ఉంటాయి: రోడ్లదొకటి, వాగులదొకటి, సరిహద్దులదొకటి. గ్రామం పేరును సరిహద్దు పొరలోనే ఉంచాలన్న నియమం నాదే. నా కింద పనిచేసే కడప ఖాదర్ ఆ ప్రకారమే నాలుగు సరిహద్దులూ తీసేశాడు; వాటితోపాటే పేర్లూ పోయాయి. మార్చి 19న నమూనా ప్రతి చూసి, మోరి గారు కొండల మధ్య ఖాళీలో వేలు పెట్టి, ఇక్కడ మనుషులున్నారని మాత్రం ఇంగ్లీషులో అన్నారు.

క్లయింటు ఇచ్చిన మార్పుల జాబితా ప్రకారమే పని జరిగిందని నేను వాదించాను.

"మా ఊరు గూడా మున్సిపాలిటీలో కలిపినారు మేడమ్. బస్సోడు ఇంకా ఆ పేరే అరుస్తాండాడు. మీరొచ్చి చెరపండి, సూద్దాం" అన్నాడు ఖాదర్.

నవ్వొచ్చింది. వెంటనే మోరి గారిని ఇకపై చిరునామా ఎలా రాస్తారని అడిగాను. నగరం పేరు తరువాత పాత గ్రామం పేరు రాసి చూపించారు. గ్రామం రద్దయినా ప్రాంతం పేరుగా అది ఉంటుంది. తప్పు జాబితాది కాదు, నా నియమానిది. ప్రాంతాల పేర్లకు వేరే పొర తెరిచి, నాలుగింటినీ చిన్న అక్షరాల్లో పెట్టాం. 23న ఆమోదం వచ్చింది, ఆ సాయంత్రమే ముద్రించాం.

ఏప్రిల్ 9న మోరి గారు ఫోటో తెచ్చారు. పటం ముందు ముసలివాళ్లు ఊరి పేరు చూపించడానికి ఒకరి వేలు ఒకరు తోసేస్తున్నారు. సభలో పంచిన, జిగురుగా సాగే బియ్యపు ఉండలు మాకూ తెచ్చారు.

"బాగుండాది గానీ, పండ్లకు ఓవర్‌టైం" అన్నాడు ఖాదర్ నములుతూ. ఇంగ్లీషులో చెప్పాక మోరి గారు మా అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. మత్రా బజారు నుంచి హల్వా తెప్పించి ఆయనకు పెట్టాం.

ఆ వారమే మా తనిఖీ పట్టికలో పన్నెండో అంశం చేర్చాను: సరిహద్దు తీసే ముందు, అక్కడివాళ్లు చిరునామాలో ఆ పేరు రాస్తున్నారేమో కనుక్కోవాలి. పదవీ విరమణ దాకా అక్కడ టిక్కు పడకుండా ఏ పటమూ నా బల్ల దాటలేదు.