కళ్లు వద్దన్న తల్లి

మొన్న మా మనవరాలు పోయిన వాళ్ల నానమ్మ ఫోటోని ఫోన్లో ఏదో చేసి, ఆవిడ చేత నాకు కన్ను కొట్టించింది. కాపురం చేసినన్నాళ్లూ కళ్లెర్రజేసిందే తప్ప ఒక్కనాడూ కన్ను కొట్టని మనిషి! ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ కళ్లు కదలగానే వీపు మీద చన్నీళ్లు పోసినట్టయి, రేపల్లెలో మా డ్రాయింగు మాస్టారి గది గుర్తొచ్చింది.

ఎనభైల్లో మాట. నన్ను భరించలేక బడీ, బడిని భరించలేక నేనూ ఏడో తరగతిలోనే తెగతెంపులు చేసుకున్నాక, తెనాలిలో దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ, ఆదివారం పొద్దున్నే రైలెక్కి రేపల్లె వెళ్లేవాణ్ణి. మాస్టారి సొంతూరు బాపట్ల, ఉద్యోగం రేపల్లెలో. వారమంతా బళ్లో పిల్లల చేత జామకాయలూ కూజాలూ గీయించింది చాలనట్టు, ఆదివారాలు మాలాంటి ముదురు బెండకాయలకు ఊరికే పాఠం చెప్పేవారు. పెళ్లి భోజనంలో పక్కాయన చెవి వంపు చూస్తూ పులుసు చొక్కా మీద పోసుకున్న మనిషి. ముందు చూడరా, తర్వాత గీద్దువు గాని అనడమే ఆయన చదువంతా.

ఒక ఆదివారం సముద్రం వైపు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. కొడుకు వేటకెళ్లి తిరిగి రాలేదు, శవమూ ఒడ్డుకు చేరలేదు, ఫోటో ఎన్నడూ తీయించలేదు. దీపం పెట్టుకోడానికి ముఖం గీసివ్వమంది. మాస్టారు ఆ కుర్రాణ్ణి చూసింది లేదు. అయినా మా అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని అడగడం మొదలెట్టారు.

"ముక్కు ఎట్టా ఉండేదమ్మా?"

"ముక్కు ముక్కులాగానే ఉండేది మేష్టారూ. జలుబు చేస్తే నేనే తుడిచేదాన్ని."

మేం నవ్వితే ఆవిడా నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చింది. మాస్టారు ప్రశ్న మార్చి, అన్నం తినేటప్పుడు ఏ బుగ్గ ఉబ్బేది, అలిగితే పెదవి ఎటు తిరిగేది అని అడుగుతూ, ఆవిడ ముఖంలోనే వాణ్ణి వెతుక్కుంటూ, గీసీ చెరిపీ, మధ్యాహ్నం దాటాక ఒక ముఖం తేల్చారు. పోయినవాళ్ల బొమ్మకు కళ్లు ఆఖర్న, ఇంటివాళ్ల ఎదుటే పెట్టడం మా పనిలో ఆనవాయితీ. మాస్టారు పెన్సిలు చెక్కి కళ్ల దగ్గరకు తెచ్చేసరికి ఆవిడ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"వొద్దు మేష్టారూ. మావోడే. కళ్లు పెడితే చూస్తాడు. ఆ పొద్దున వెళ్లనమ్మా అంటే నేనే తిట్టి పంపించా. ఎందుకు పంపావే అంటే ఏం చెప్పను?"

మాస్టారు పెన్సిలు కింద పెట్టేశారు. ఆవిడ కళ్లు లేని ఆ కాగితాన్ని చుట్టి, కొంగు కప్పి తీసుకెళ్లిపోయింది.

తొంభైల్లో పోయేదాకా మాస్టారు పాఠం చెబుతూనే ఉన్నారు గానీ, కళ్లు దిద్దే ఘట్టం వచ్చిందంటే సుద్దముక్క నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరకు వెళ్లిపోయేవారు. నేను ఎవరి కళ్లు పెట్టినా అవి నన్ను దాటి, ఆవిడ వెళ్లిన గుమ్మం వైపు చూస్తున్నట్టే ఉండేవి.

ఇప్పుడు పోయినవాడి బొమ్మ సాయంత్రానికల్లా ఫ్లెక్సీ మీద సెంటర్లో నిలువెత్తున లేస్తుంది, పోలికకు లోటే లేదు. కానీ ఒక తల్లిని కూర్చోబెట్టి, నీ కొడుకు ఏ బుగ్గన ముద్ద పెట్టుకునేవాడమ్మా అని అడిగి, చెప్పేదాకా ఆగే మనిషి ఏడీ? అడిగితే చెప్పుకుందామని ఎదురుచూసే తల్లులు మాత్రం ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారనే నాకనిపిస్తుంది.