డానియేలు అంకుల్ ఓకే రాస్తేనే

డానియేలు అంకుల్ స్వయంగా పరీక్షించనిదే దేన్నీ నమ్మరు. పరీక్షించాక దాని మీద సుద్దముక్కతో ‘ఓకే’ అని రాయకుండా ఉండలేరు. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తనిఖీ పని చేసి రిటైరయ్యారు. సుద్దముక్క మాత్రం రిటైరవలేదు. మా పక్కనే ఉన్న వాళ్లింటి గేటు మీద, నీళ్ల డ్రమ్ము మీద, చివరికి పుచ్చకాయ మీద కూడా అవే అక్షరాలు.

“పెండ్లినాడు నా నెత్తి మీద రాయలే, గదే మేలు,” అంటుంది ఆయన భార్య బేబీ ఆంటీ.

కరోనా రెండో ఏడు టీకాలొచ్చాయి. వాటికంటే ముందే వాట్సాప్ వీడియోలొచ్చాయి. టీకా వేసుకున్న చేతికి స్పూన్లు అతుక్కుంటాయని మా గల్లీ గ్రూపులో ఒకటే గోల. మర్నాడే అంకుల్ టీకా వేయించుకుని, స్పూనుతో సహా గేటు ముందు కుర్చీ వేసుకున్నారు.

“అంటుకుంటలేదు భాయ్. నువ్వే పెట్టి చూడు.”

యాకుత్‌పురా నుంచి వచ్చే పాలాయన పెట్టాడు. స్పూను కిందపడింది.

“మూడు దినాలల్ల పోతరంట గదా అన్నా?”

“గందుకే గీడ కూసున్న. పోతే ముందుగాల నీకే కనవడ్త.”

నాలుగో రోజు తన చొక్కా జేబు మీద తనే ఓకే రాసుకున్నారు.

నవ్వానే గానీ నేనూ టీకా వేసుకోలేదు. చదివింది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. పరిశోధన వ్యాసాలూ చదివాను. అయినా తల్లిపాలు చెడిపోతాయన్న వీడియో ఒకటి, ఐదు నెలల మా హరిచందన పాలకు ఏడ్చినప్పుడల్లా కళ్ల ముందు ఆడేది. రెండుసార్లు స్లాటు బుక్ చేసి రద్దు చేశాను.

“ఏం ఫికర్ బిడ్డా?” అన్నారు అంకుల్. చెప్పాను.

ఆయన సుద్దముక్కను జేబులో వేసుకున్నారు. “గిది నా చెయ్యి మీద చెక్ చేసేది కాదు గదా.”

ఆ వారమంతా దంపతులిద్దరూ మాస్కులేసుకుని పొద్దున్నే స్కూటర్ మీద ఎటో వెళ్లేవారు. ఆదివారం ఇద్దరూ మా గుమ్మంలోకి వచ్చారు.

“నా ఇజ్జత్ తీసిండు బిడ్డా,” అంది ఆంటీ. “టీకా ఏసుకున్న బాలింతల ఇండ్లన్నీ తిప్పిండు. నన్ను లోపటికి తోలి తను గేటు కాడ నిలవడ్డడు. ‘పిల్ల మంచిగ తాగుతుందా అడుగు’ అని బయటికెల్లి ఒకటే లొల్లి.”

అంకుల్ ఒక కాగితం చేతిలో పెట్టారు. జ్వరం, నిద్ర, ఆకలి అని గళ్లు. పదకొండు మంది తల్లులు, పన్నెండు మంది పిల్లలు, బార్కస్‌లో కవలలు. అందరూ ఓకే.

“శాంపిల్ చిన్నది అంకుల్,” అన్నాను. “పోల్చడానికి టీకా వేసుకోనివాళ్లు కూడా ఉండాలి.”

“ఉన్నవ్ గదా, నువ్వు.”

మర్నాడు వేయించుకున్నాను. మూడు రోజులూ అంకుల్ కుర్చీ మా గేటు ముందే. గంటకోసారి, “తాగిందా?”

నాలుగో పొద్దున మా గేటు మీద పెద్ద ఓకే, దాని కింద చిన్న ఓకే కనిపించాయి.

హరిచందన ఇప్పుడు బడికి వెళ్తోంది. వానకు ఆ చిన్న ఓకే చెరిగినప్పుడల్లా ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి మళ్లీ రాయించుకుంటుంది. ఆయన ఊరికే రాయరు. ముందు దాని గ్లాసులో పాలు అయిపోయాయో లేదో చూస్తారు.