సుజాతక్క రుచి చూడని అన్నం

వాన వెలిసిందంటే చాలు, మైత్రీవనం పక్క సందులో బండి మీద మక్క కంకులు కాలుస్తారు. ఆ పొగ కళ్లలోకి పోగానే నాకు సుజాతక్క గుర్తొస్తుంది. ఆమె వెనకాలే డేవిడ్ కూడా వస్తాడు, పిలవకపోయినా. వాడికది అలవాటే.

ఏడో తరగతి మధ్యలోనే బడికి సెలవిచ్చేసిన నన్ను వంటవాణ్ణి చేసింది సుజాతక్క. పంజాగుట్టలో ఆమెకు చిన్న కర్రీ పాయింటు ఉండేది. కూర కలుపుతూ నేను జోకులేస్తే, "గిన్నెకే కాదురా, నోటికి సుత మూత పెట్టు" అనేది. వంట తొందరగానే పట్టేశాను. కొన్నాళ్లకే ఆమె నా పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. అప్పుడది నాకు పట్టలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు బోరబండ నుంచి డేవిడ్ పనికొచ్చాడు. బక్కగా, మర్యాదగా ఉండేవాడు. రెండూ నాకు నచ్చలేదు.

ఒకసారి అక్క వెళ్లే చర్చి వాళ్లు అనంతగిరి గుట్టలకు పోతూ వంటకు మమ్మల్ని తీసుకెళ్లారు. పొద్దు గూకుతుండగా రాళ్లు పేర్చి కట్టెల మంటలు వేశాం. బగారన్నం నాది, మటన్ డేవిడ్‌ది. గుట్ట మీది గాలికి మంట ఎవరి మాటా వినడం లేదు. అక్క డేవిడ్ పక్కనే చతికిలబడింది. పులుసు అరచేతిలో వేసుకుని నాకింది. "జర ఉప్పు వెయ్." మళ్లీ చెయ్యి చాపింది. "ఓ కట్టె ఇవతలికి గుంజు." మళ్లీ చాపింది. నా వైపు తల కూడా తిప్పలేదు. మటన్ కంటే నేనే ముందు ఉడికిపోయాను.

"ఎంతసేపు వాని కూరే నాకుతవక్కా? నా అన్నం సుత ఓ మెతుకు చూడరాదా?" అన్నాను నవ్వుతూనే.

ఆమె వింతగా చూసింది. "నీది చూసుడేందిరా? నువ్వే వండినవ్ గదా. పో, వడ్డించు."

తన చర్చి వాళ్లందరికీ, రుచి చూడకుండానే! ఆ సాయంత్రం నా కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు. డేవిడ్ వైపు చూసి మీసం కూడా తిప్పాను.

అక్క పోయింది. డేవిడ్ ఇప్పుడు ఎర్రగడ్డలో హోటల్ నడుపుతున్నాడు. మొన్న చాయ్ తాగుతూ నాతో అన్నాడు: "కూర అయ్యేదాంక అక్క నా పక్కనే కూసునేది అన్నా. చాపిన ఆమె చెయ్యి ఇంకా కండ్లల్లనే ఉన్నది."

నాకు మాత్రం మంట వెలుగులో అటు తిరిగి కూర్చున్న అక్క వీపు కనబడింది. ఏదో జోకు వేద్దామని నోరు తెరిచి, చాయ్ తాగేశాను. నాకు ఆమె నమ్మకం దక్కింది, వాడికి ఆమె దక్కింది. ఈ చేతులకు వంట ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే ఏం పోయేదని, పొయ్యి ముట్టించిన ప్రతిసారీ కుళ్లుకుంటాను.