నిద్రగన్నేరు మీద నాన్న

మీ వీధిలో చెట్టు కొమ్మలు కొట్టించేటప్పుడు, దారికడ్డంగా పడిన రొట్టను చూసి విసుక్కోవడమే గాని, పైన కొమ్మ మీద నిలబడిన మనిషి ముఖం మీరెప్పుడైనా చూశారా?

నిలదీస్తున్నట్టు వినిపిస్తే మన్నించాలి. కాలేజీ రోజుల్లో చర్చావేదికల మీద అలవాటైన గొంతు నాది, మామూలు మాట కూడా ప్రశ్నగానే బయటికొస్తుంది. మొన్న ఉదయం రాజమండ్రిలో మా అపార్ట్‌మెంటు వాళ్ళందరి ఫోన్లకూ ఒక మెసేజ్ వచ్చింది. తీగలకు తగులుతున్న కొమ్మలు తొలగించే పని ఉంది కనుక మధ్యాహ్నం వరకూ కరెంటు ఉండదని దాని సారాంశం. లిఫ్టు ఆగిపోతుందని ఒకరు, ఇంకా పిండి రుబ్బుకోలేదని మరొకరు గొణుక్కున్నారు. నేను బాల్కనీలోకి వెళ్ళి చూస్తే, బండి మీద పైకి లేచే తొట్టెలో పచ్చ హెల్మెట్టు పెట్టుకున్న ఒకతను నిలబడి ఉన్నాడు. ఫ్యాన్లు ఆగాయి. ఆగీ ఆగకముందే వీధిలో జనరేటర్లు ఒకదాని వెనుక ఒకటి మోగడం మొదలుపెట్టాయి. ఆ మోతకు నేను బాల్కనీ కమ్మీని గట్టిగా పట్టుకున్నాను. ముప్పై నిండని మనిషికి జ్ఞాపకాలేమిటని నవ్వేవాళ్ళుంటారేమో గాని, భయానికి వయసుతో పని లేదు. నా ఈడువాళ్ళలో తండ్రులు ఎత్తుల మీదా తీగల దగ్గరా పనిచేసి తమను చదివించిన వాళ్ళున్నారే, వాళ్ళకు నేను ఎక్కువ విడమరచి చెప్పనక్కర్లేదు.

మా నాన్నది చెట్లు కొట్టే పని. అలా అంటే ఆయనకు నచ్చేది కాదు, కొమ్మను దించుతానని అనేవారు. నిజానికి ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. పెంకుటింటి మీదికి వాలిన మామిడి కొమ్మనో, కాలవగట్టు రోడ్డు మీదికి వంగిన నిద్రగన్నేరు కొమ్మనో నరికి వదిలేస్తే కింద ఇల్లూ మిగలదు, తీగా మిగలదు. అందుకని ముందుగా ఆ కొమ్మకు మోకు, అంటే లావుపాటి తాడు కట్టి, దాన్ని పై పంగలోంచి తెచ్చి, కిందున్న మనిషి చెట్టు మొదలుకు చుట్లు వేసి బిగబట్టుకోవాలి. పైనున్న మనిషి కొమ్మకు అడుగున కొంత కోసి, ఆ తరువాత పైనుంచి కోస్తాడు. లేకుంటే బెరడు చీలి, కొమ్మ ఊయలలా వెనక్కొచ్చి అతన్నే కొడుతుంది. తెగిన కొమ్మను మోకు వదులుతూ మెల్లగా నేలకు చేర్చాలి. మా బాబాయి మోకు పట్టేవారు. ఆయన అరచేతుల్లో గీతలుండేవి కావు, ఉన్నవన్నీ మోకు ఒరుసుకుపోయిన కాయలే.

మా అమ్మ భయమంతా తిట్ల రూపంలో బయటికొచ్చేది. నాన్న పనికి బయలుదేరే ఉదయాల్లో గిన్నెలు, పొయ్యి, నేను, మా వీధి కుక్క, అందరం ఆవిడ నోట పడేవాళ్ళం. నాన్న సైకిలు మలుపు తిరిగాక మాత్రం ఆవిడ నోరు పెగిలేది కాదు, సాయంత్రం దాకా ఇల్లు అలా నిశ్శబ్దంగానే ఉండేది. చిన్నతనంలో ఆ నిశ్శబ్దాన్ని నేను ప్రశాంతత అనుకున్నాను.

కాలేజీలన్నీ మూతపడిన ఆ కాలంలో, కింద దారి కాసే మూడో మనిషి ఊరొదిలి వెళ్ళిపోవడంతో నేనే ఆ పనికి వెళ్ళాను. అమ్మ ఒప్పుకోలేదు, నాన్న కాదనలేదు. వెళ్ళిన రోజు నుంచే వాదన మొదలుపెట్టాను. నడుముకు గుడ్డ చుట్టి దాని మీద తాడు కట్టుకోవడమేమిటి, తొడలకు కూడా పట్టీలుండే బెల్టు ఎందుకు కొనరు, రంపం మిషను చేతిలోంచి జారితే దానికి వేరే తాడేది, తలకు హెల్మెట్టేది అని. బెల్టు విషయంలో నేను నెగ్గాను. రంపానికి తాడు విషయంలోనూ నెగ్గాను. హెల్మెట్టు దగ్గర మాత్రం, పైనుంచి పడేవాడికి టోపీ ఏం చేస్తుంది, కిందున్న మీ నెత్తిమీదే కదా పుల్లలు పడేది అంటూ మా ఇద్దరికీ కొనిచ్చి తాను తువ్వాలుతోనే ఎక్కేవారు. మైకు ముందు మా అమ్మాయిని ఎవడూ గెలవలేడు, చెట్టు ముందే కొంచెం నెమ్మదిస్తుంది అని బాబాయితో చెప్పి నవ్వేవారు.

ఆ గుంపులో ఒక ఆచారం ఉండేది. ప్రతి కోతకూ ముందు నాన్న మిషను ఆపేసి, కిందెవరు అని కేకేసేవారు. ఉన్నవాళ్ళం ఒక్కొక్కరం ఆయ్ అని పలకాలి. అందరూ పలికితేనే మళ్ళీ మిషను మోగేది. ఒక్క గొంతు తగ్గినా మోగదు. గొడ్డలి రోజుల్లో ఒకరి మాట ఒకరికి వినబడేది, మిషను వచ్చాక ఆ వీలు పోయింది గనుక నాన్న ఈ పద్ధతి పెట్టారు. బాబాయికి ఇదంతా చాదస్తంగా తోచేది. ముగ్గురమే ఉన్నాం, నాలుగోవాడు నేలలోంచి మొలుస్తాడా అని విసుక్కునేవారు. విసుక్కుంటూనే పలికేవారు.

ఆ రోజు భీమవరం వైపు ఒక కాలవగట్టు మీద పని. తుపాను వస్తుందన్నారు, రాకముందే గాలీ వాన జల్లులూ వచ్చేశాయి. గట్టుకు ఒక పక్క కాలవ, ఇంకో పక్క రొయ్యల చెరువులు. చెరువుల షెడ్డుకు వెళ్ళే తీగలు ఒక పెద్ద నిద్రగన్నేరు కొమ్మల మధ్యనుంచి దూరి పోతాయి. చెట్టుకు ఎదురుగా ఉన్న స్తంభానికి ఒక వీధిదీపం, దాన్ని ఆర్పేవాళ్ళు లేక పట్టపగలు కూడా వెలుగుతూ ఉండేది. లైన్‌మాన్ గారు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకి, వాటిని సంచిలో వేసుకుని, ఎవరూ మళ్ళీ పెట్టకుండా అక్కడే కాపలా కూర్చున్నారు. దీపం ఆరిపోయింది. అది చూసుకున్నాకే నాన్న ఎక్కారు. ఇందులో ఎవరి తప్పయినా వెతకమంటే, వాదించడం నేర్చిన నేను ఈనాటికీ వెతకలేను.

నాన్న తడిసిన కొమ్మ మీద నిలబడి అడుగు కోత కోస్తున్నారు. మిషను మోత గట్టంతా నిండి ఉంది. నేను రోడ్డు మీద వచ్చేవాళ్ళను ఆపుతూ, ఊరికే స్తంభం వైపు చూశాను.

దీపం వెలుగుతోంది.

ఫ్యూజులు లైన్‌మాన్ సంచిలో ఉన్నాయి. దీపం వెలుగుతోంది. ఎలా అన్న ప్రశ్న నాలో పుట్టలేదు, ప్రశ్నలే నా బతుకు అనుకున్నదాన్ని. తీగకూ నాన్న మోకాలికీ మధ్య చెయ్యి చాచినంత దూరం కూడా లేదు. అడుగు కోత పడిన కొమ్మ గాలికి ఊగుతుంటే, దాని కొసన తడి ఆకులు తీగ వైపు వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. అరిచాననుకున్నాను, నోరు తెరిచి ఉంది గాని శబ్దం లేదు. ఉన్నా మిషను మోతలో వినబడేది కాదు. నాన్న బెల్టు నుంచి కిందికి వేలాడే తాడు పట్టి లాగుదామా అంటే, పైనున్న వాడి తాడు కిందవాళ్ళు ముట్టుకుంటే ఆ ఊపుకే మనిషి పట్టు తప్పుతాడు. నేను చేయగలిగింది ఆ మోత ఆగేదాకా నిలబడటమే. అంత పొడవైన కోత నేను మళ్ళీ ఎరుగను.

మిషను ఆగింది. నాన్న గొంతు వినిపించింది.

"కిందెవరు?"

"ఆయ్, నేనున్నాను" అన్నారు బాబాయి.

నా వంతు. ఇప్పుడు పలకాలి, ఆయ్ అని కాదు, ఆగు అని పలకాలి. సభలో వందమంది ముందు ఒక్కసారి కూడా తడబడని నా గొంతు, ఆ గట్టు మీద, నా తండ్రి కోసం, ఒక్క అక్షరం ఇవ్వలేదు.

"అమ్మడూ?" అన్నారు నాన్న.

"ఏంటమ్మా, మైకు తేవాలా?" అన్నారు బాబాయి, మోకు మీంచి చూపు తిప్పకుండానే.

నాన్న మిషను మోగించలేదు. మోగించి ఉండవచ్చు, నేను రోడ్డు పక్కన కనబడుతూనే ఉన్నాను, గాలి పెరుగుతోంది, కొమ్మ సగం తెగి ఉంది, తొందరపడటానికి కారణాలు ఎన్నో ఉన్నాయి. ఒక గొంతు తగ్గింది గనుక ఆగారు. వంగి కిందికి చూశారు. నా చెయ్యి స్తంభం వైపు చాచి ఉంది. ఆయన తల అటు తిరగడం, తీగ పక్కన ఉన్న పాదం చాలా మెల్లగా వెనక్కి రావడం, చెట్టు మానుకు ఆయన రెండు చేతులూ చుట్టుకుపోవడం నేను చూశాను. బాబాయి మోకు వదిలితే కొమ్మ తీగల మీద పడుతుంది. అందుకని, మిషను ఆగాక జనరేటరు మోత వినిపిస్తున్న షెడ్డు వైపు పరుగెత్తాల్సింది నేనే అయింది.

షెడ్డు దాకా ఉన్న చెరువు గట్టు వాన నీళ్ళకు జారుతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఏం కనబడుతుందోనని చూడకుండా పరుగెత్తాను. షెడ్డులో జనరేటరు మోగుతోంది, చెరువులో నీళ్ళు చిలికే ఫ్యాన్లు తెల్లటి నురగ చిమ్ముతున్నాయి. చెరువు యజమాని మాకు ఊరి వరసన పెదనాన్న అవుతారు. నా వాలకం చూసి, పాము కరిచిందా అని అడిగారు. నేను చెట్టు చూపించాను. ఒక చూపు చూసి, పాపం, ఆయనే పరుగెత్తి జనరేటరు ఆపేశారు.

జరిగింది ఇదీ. షెడ్డులోకి వచ్చే కరెంటును, జనరేటరు కరెంటును విడదీసే చేంజోవర్ స్విచ్చి కాలిపోయిందట. కొత్తది తెచ్చేలోగా జనరేటరు వైరును నేరుగా బోర్డులోకి కలిపేశారు. బయటి లైనుతో కలిపే మెయిన్ స్విచ్చి మాత్రం తీయలేదు. ఫ్యూజులు పీకినందువల్ల కరెంటు పోయింది, కరెంటు పోయినందువల్ల జనరేటరు మోగింది, ఆ జనరేటరు కరెంటు ఎదురు నడిచి చెట్టు దాకా వచ్చింది. మమ్మల్ని కాపాడటానికి చేసిన పనే తీగకు ప్రాణం పోసింది.

నేను తిరిగొచ్చేసరికి కొమ్మను మానుకు కట్టేసి నాన్న దిగి ఉన్నారు. బెల్టు ముడి విప్పుకోవడానికి ఆయన చేతులు సహకరించక, బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని విప్పుతున్నారు. వెనకాలే పెదనాన్న మోటారు సైకిలు మీద వచ్చారు.

"చెట్టు మీద నువ్వున్నావని నాకేం తెలుసురా తమ్ముడూ. కరెంటు పోతే రొయ్య పైకి తేలిపోద్ది. నా భయం నాది."

నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"నీ రొయ్యకి గాలాడకపోతే నీకు తెలుస్తాది అన్నయ్యా. నాకు గాలాడకపోతే నీకెవరు చెప్తారు?"



ఆ తరువాత నాన్న రెండు కొత్త నియమాలు పెట్టారు. ఆపిన తీగలను లైన్‌మాన్ గారు గొలుసుతో భూమికి కలిపితేనే ఎక్కడం ఒకటి. ఆ లైను మీద జనరేటరున్న ప్రతి ఇంటికీ, షెడ్డుకూ ముందుగా మనిషి వెళ్ళి చెప్పిరావడం రెండోది. ఆ మనిషిని నేనే. కొందరు మంచినీళ్ళిచ్చి పంపారు, కొందరు గేటు తీయకుండానే సరేలే అన్నారు. మాకు చెప్పేదేంటి, మా కరెంటు మా ఇష్టం అన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరేమన్నా అన్ని గుమ్మాలూ తిరిగాకే నాన్న పాదం చెట్టు మీద పెట్టేవారు.

ఇప్పుడాయన ఎక్కడం లేదు, మోకాళ్ళు ఒప్పుకోవు. మోకు స్థానంలో బండ్లొచ్చాయి, తువ్వాలు స్థానంలో హెల్మెట్లొచ్చాయి. ఒకప్పుడు రోజంతా పట్టే పని గంటలో అయిపోతోంది. ఇవన్నీ మంచివే, వీటికోసమే నేను నాన్నతో వాదించాను. కానీ గుమ్మం ముందుకొచ్చి, అయ్యా, ఇవాళ మీ తీగ మీద మా మనిషి ఉంటాడని చెప్పే గొంతు పోయింది. దాని స్థానంలో ఫోనులో ఒక మెసేజ్ మోగి ఊరుకుంటోంది. మనం దాన్ని చదివేది ఎంతసేపు కరెంటుండదో తెలుసుకోవడానికే. ఎవరు ఎక్కుతున్నారో అందులో ఉండదు, మనమూ అడగం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, షాపులోనో, చెరువు షెడ్డులోనో జనరేటరుంటే ఈ వారమే తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిచి చేంజోవర్ స్విచ్చి పనిచేస్తోందో లేదో చూపించండి. కాలిపోయి ఉంటే, కొత్తది వచ్చేదాకా జనరేటరు ముట్టుకోకండి. మీ లైను మీద కొమ్మలు కొడుతున్న రోజున మీరే మెట్లు దిగి వెళ్ళి, మా ఇంట్లో జనరేటరు ఉందండి అని వాళ్ళకు చెప్పండి. వాళ్ళు సరేనన్నాకే స్విచ్చి వేయండి.