పాలమూరులో కొత్త మిక్సర్ బిగించిన పొద్దు

మా ఆర్కెస్ట్రాకు డిజిటల్ మిక్సర్ వచ్చింది తొంభైల చివర్లో. మా యజమాని, బ్యాంజో వాయించే సాబ్, దాన్ని హైదరాబాద్ నుంచి కిరాయికి తెచ్చాడు. పాలమూరు ఫంక్షన్ హాల్లో, సౌండు చూసుకునే నా ముందు పెట్టి ఒకటే మాట అడిగాడు.

"గిది నీతోని అయితదా? కాకుంటే చెప్పు. దీన్ని నడిపెటాయన హైదరాబాద్‌ల ఉన్నడు, పిలుస్త."

"పద్దెనిమిదేండ్ల సంది గీ పనే చేస్తున్న సాబ్. గిదొక లెక్కనా?" అన్నాను. అన్నానే గానీ లోపల గుబులే. మగ్గం వదిలేసి ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. ఈ కుర్చీ పోతే నాకు ఇంకో పని చేతకాదు.

మధ్యాహ్నం పెళ్లి విందు. పొద్దున్నే వైర్లన్నీ గుచ్చాను. అలవాటు ప్రకారం, గాయాలకు వేసే తెల్ల ప్లాస్టర్ చింపి మీటల కింద అంటించి పెన్నుతో రాసుకున్నాను: పాట, డోలక్, బ్యాంజో, కీబోర్డు. తర్వాత ఏదో బటన్ నొక్కాను. మీటలన్నీ వాటంతట అవే సర్రున కదిలాయి! ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను. పాట అని రాసుకున్న మీటను పైకి తోస్తే కీబోర్డు గావుకేక పెట్టింది. ఒక్కో మీటకు రెండేసి పనులట, బటన్ నొక్కితే పని మారుతుందట. ఇదేం మిషన్ రా నాయనా! ఒళ్లు మండి ప్లాస్టర్లన్నీ పీకి పారేశాను.

"ఏందన్నా, మిషన్‌కు పట్టీలు కట్టినవ్, దెబ్బ తాకిందా?" అని మా పాటగత్తె నవ్వింది. పన్నెండేళ్లుగా మాతో పాడుతున్న మనిషి, ఆ మాత్రం ఎగతాళి చేసే హక్కు ఉంది.

ఆమెను పాడమన్నాను. గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మొద్దుగా వచ్చింది. పాత మిక్సర్లో ట్రెబుల్‌కు, అదే సన్నటి మోతకు, ఒక హద్దుండేది. దీని తెరమీద ఒక గీత ఉంది, ఎంత ఎత్తితే అంత లేస్తుంది. ఎత్తాను. సరిపోలేదు. ఇంకా ఎత్తాను.

ఆమె పాట ఆపి చెవులు మూసుకుంది. డోలక్ ఆయన మొహం చిట్లించాడు. విస్తళ్లు పరుస్తున్న వంటవాళ్లు కూడా చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. నాకేమీ అర్థం కాలేదు. వైర్లు చూశాను, స్పీకర్లు చూశాను. మీట దించితే అందరూ చేతులు తీశారు. ఎత్తితే మళ్లీ మూసుకున్నారు. అందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారా అనిపించింది.

"మిషన్ ఖరాబున్నది సాబ్! పాడైంది అంటగట్టిండ్రు!" అని అరిచాను.

పాటగత్తె దగ్గరికి వచ్చింది. "అన్నా, గంత కూత వెడ్తాంది. నీకు ఇనవడ్తలేదా?"

"ఏం కూత?"

ఆమె మొహంలో నవ్వు పోయింది. ఇంకేం అడక్కుండా మీటను తనే మెల్లగా పైకి తోసింది. మోత హద్దు దాటిందని తెరమీద ఎర్ర లైటు వెలిగింది. సాబ్ చెవులు మూసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. పైన ఫ్యాను తిరుగుతున్నది వినిపించింది. వంటింట్లో గంగాళం ఈడ్చింది వినిపించింది. అంతే, ఇంకేమీ లేదు. నిజంగా భయమేసింది నాకు.

రెండేళ్లుగా జనం నా సౌండు చెవుల్లో గుచ్చుతోందంటున్నారు. సన్నటి మోత నా చెవికే అందడం లేదని తెలియక, మీకు పాట విలువ తెలియదని వాళ్లనే తిట్టాను.

సాబ్ మీట దించి నావైపు చూశాడు. "ఏమైతాంది? మిషన్ వాపస్ పంపాల్నా?"

నేను నోరు విప్పకముందే పాటగత్తె అందుకుంది. "అవ్ సాబ్, మిషన్‌లనే ఏదో ఉన్నది. గిండ్ల అన్న తప్పేం లేదు."

అంత ధైర్యంగా అబద్ధమాడిన మనిషి నావైపు మాత్రం చూడలేకపోయింది.

"మిషన్ మంచిగనే ఉన్నది సాబ్," అన్నాను. "గా హైదరాబాద్ ఆయన్నే పిలువుండ్రి. ఇప్పుడు బస్సెక్కితే విందుకు అందుతడు."