బకెట్ నిండా మక్క పిండి

మా యారాలి బర్రె పాలకు ఫ్యాట్ ఎప్పుడూ నా బర్రె కంటే ఎక్కువే వచ్చేది. యారాలంటే మా బావగారి భార్య. తొండుపల్లిలో ఒకే వాకిలికి అటు ఆమె కొట్టం, ఇటు నా కొట్టం. పొద్దున్నే ఇద్దరం క్యాన్లు పట్టుకొని పాల కేంద్రానికి వెళ్లేవాళ్లం. మిషన్ మీద ఆమెకు ఎనిమిది పడితే నాకు ఆరు. "ఏం పెడుతున్నవ్ అక్కా?" అని అక్కడ రాసుకునే ఆయన ఆమెనే అడిగేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

పైగా నాది తల్లిగారు పెట్టిన బర్రె. మామిడిపల్లి నుంచి మా నాన్న దగ్గరుండి తోలుకొచ్చాడు. దూడగా ఉన్నప్పుడు నా చేతి గంజి తాగి పెరిగింది. ఆమెది అంగట్లో కొన్నది. అయినా పేరు దానికే.

భూములు ఎయిర్‌పోర్టుకు పోయాక మాకు మేపడానికి బీడు లేదు. ఏం పెట్టినా శంషాబాద్ దుకాణంలో కొని పెట్టాల్సిందే. అందుకే ఆమె ఏం తెస్తుందా అని కనిపెట్టి ఉండేదాన్ని. ఆటోలోంచి మక్కల బస్తా దిగడం చూశాను, గిర్నీలో పట్టించి తేవడం చూశాను. కలిపిన బకెట్‌లో మాత్రం ఏముందో చూడలేదు. దిష్టి తగులుతుందని మా దగ్గర దాణా బకెట్ మీద కొంగు కప్పకుండా ఎవరూ వాకిలి దాటరు. నేను ఎదురైతే ఆమె కొంగు ఇంకాస్త లాగేది. నా కళ్లంటేనే అంత భయమా అని కుళ్లుకునేదాన్ని. అడిగితే చెప్పేదేమో. అడగడానికి నాకు నామోషీ.

ఒకరోజు నేనూ మక్కలు పట్టించాను. రోజూ వేసే తవుడు, పల్లి చెక్క మానేసి, పొద్దున బకెట్ నిండా మక్క పిండే కలిపి పెట్టాను. సాయంత్రం ఇంకో బకెట్. రేపు మిషన్ దగ్గర తేలుతుంది నీ సంగతి అని మనసులోనే ఆమెతో అన్నాను.

తెల్లారేసరికి బర్రె నెమరు మానేసింది. ఎడమ డొక్క ఉబ్బింది. పళ్లు కొరుకుతూ మెడ వాల్చేసింది. మా ఆయన డాక్టర్ కోసం బండి వేసుకొని పోయాడు. నా ఏడుపు విని యారాలు వచ్చింది.

"ఏం పెట్టినవ్ చెల్లె?"

"మక్క పిండి. రెండు బకెట్లు."

"ఒట్టి పిండేనా? గట్ల పెడితే పానం మీదికి రాదా?"

"నువ్వు పెడ్తలేవా?"

"నేను పత్తి చెక్క ఇంట్ల నానబెడ్త. పిండి రెండు దోసిళ్లే, పైన చల్లుత."

"మరి నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడిగితే గద."

తినే సోడా నీళ్లలో కలిపి, మూతి పట్టుకొని కొద్దికొద్దిగా తాగించింది. డాక్టర్ వచ్చి సూది వేశాడు. సోడా పట్టించి మంచి పని చేశారన్నాడు, ఆమె వైపే చూస్తూ.

మూడు రోజులు బర్రె ఆమె చేత్తో పెడితేనే గడ్డి అందుకున్నది. నేను పెడితే మొహం తిప్పుకున్నది. ఆమె లేకపోతే నా బర్రె దక్కేది కాదని తెలుసు. తెలిసి కూడా ఓర్వలేకపోయాను.

జబ్బుకు ఆరిపోయిన పొదుగు నాలుగో రోజు మళ్లీ బరువెక్కితే పాలు పిండటానికి కూర్చున్నాను. పొదుగు కడిగాను, నిమిరాను, బతిమాలాను. చేపలేదు. చుక్క రాలేదు. తన కొట్టంలోంచి చూసి యారాలు వచ్చింది. వీపు మీద చెయ్యి వేసి "ఏందమ్మా" అన్నది. అంతే, నా వేళ్ల మధ్య చన్నులు నిండాయి. ఆమె అట్లా నిలబడి ఉండగా, తల ఎత్తకుండా, నా బర్రె పాలు నేను పిండుకున్నాను.